మొండి ఛర్రా

సీతారాంరావు బల్ల మీద మూడు రేకు డబ్బాలు వరసగా పెట్టి, "వీట్ల ఏది మంచిదో నువ్వే చెప్పాలె" అన్నప్పుడు లక్ష్మీరాజం వెనక్కి తిరిగి చూశాడు. తన వెనక ఇంకెవరో నిలబడి ఉన్నారనుకున్నాడు.

ఎవరూ లేరు. గదిలో సంఘం గుమాస్తా రాజయ్య ఒక్కడే ఉన్నాడు, అతనేమో రిజిస్టరులో తల దూర్చి కూర్చున్నాడు. నలభై మూడేళ్ల బతుకులో లక్ష్మీరాజాన్ని ఆ గదిలో సంతకం పెట్టమన్నవాళ్లున్నారు, పక్కకు జరగమన్నవాళ్లున్నారు, రేపు రమ్మన్నవాళ్లకైతే లెక్కే లేదు. నువ్వే చెప్పాలె అన్న మనిషి మాత్రం ఇదే మొదలు.

"నేనేం జెప్త దొరా."

"నిశానా నీది. ఏది పనికొస్తదో నీకే ఎరుక. తీస్కపోయి కొట్టి చూడు. రేపు పొద్దుగాల చెప్పు."

సీతారాంరావు చేనేత సహకార సంఘానికి అధ్యక్షుడు. మగ్గం గుంటలో ఒక్కనాడూ కాలు పెట్టని మనిషి నేతగాళ్లకు అధ్యక్షుడెట్లా అయ్యాడని ఊళ్లో ఎవరూ అడగలేదు. ఊరి చుట్టూ ఉన్న భూమంతా ఒకరిదే అయినప్పుడు, ఊళ్లోకి వచ్చే నూలు మాత్రం ఇంకెవరి చేతిలో ఉంటుంది?

సంఘం నూలు దాచే గోదాం నైజాం కాలంలో లెవీ ధాన్యం పోసినది. ధాన్యం పోయి పదమూడేళ్లయినా ఎలుకలు పోలేదు. అవి తాతముత్తాతల నుంచి వచ్చిన హక్కు వదులుకోదల్చుకోలేదు. వడ్లు దొరక్కపోతే నూలు కొరికాయి, గంజి పెట్టిన పడుగులు ఉంటే మరీ ఇష్టంగా కొరికాయి. మందు పెడితే నూలు కట్టల నడుమ చచ్చి వారం రోజులు కంపు కొట్టాయి. పిల్లిని తెస్తే అది నలభై నంబరు నూలు మీద నాలుగు పిల్లల్ని పెట్టింది. చివరికి సీతారాంరావు పట్నం పోయి సంఘం సొమ్ముతో, చిన్న సీసపు గుళ్లు కొట్టే ఛర్రా తుపాకీ కొనుక్కొచ్చాడు. మొదటి రెండు రోజులు తనే కొట్టాడు. ఒక పెంకూ రాజయ్య మంచినీళ్ల కుండా పగిలాయి. మూడోనాడు ఆయనకు లక్ష్మీరాజం గుర్తొచ్చాడు. మోకాలు పట్టేసి మగ్గం దిగిపోయిన లక్ష్మీరాజం, రబ్బరు గులేరుతో గురి చూసి చింతకాయను తొడిమ దగ్గర కొట్టి రాలుస్తాడని ఊరంతటికీ తెలుసు.

డబ్బాలు పట్టుకుని ఇంటికి వెళ్లి, పెరట్లో చాప పరిచి మూడింటినీ వేరువేరుగా పోశాడు. మూడూ సీసంవే. ఒకదాని తల సూదిగా ఉంది. ఒకటి శనగగింజలా గుండ్రంగా ఉంది. మూడోదాని తల ఎవరో సుత్తితో కొట్టినట్టు చదునుగా ఉంది. సూది ఛర్రా, గుండు ఛర్రా, మొండి ఛర్రా అని తనే పేర్లు పెట్టుకున్నాడు. పేర్లు పెట్టాక అవి తన సొంతమైనట్టు అనిపించింది.

ఒక్కొక్కదాన్నీ వేళ్ల నడుమ తిప్పి చూశాడు. వెనక వైపు లంగా అంచులా పల్చగా ఉంది. ఆ అంచు నొక్కుకుపోయినవి తీసి పక్కన పెట్టాడు. మిగిలినవాటిని పలక మీద దొర్లించాడు, వంకర పోయినవాటిని ఏరేశాడు. మగ్గం అచ్చులో పోగులు దూర్చేటప్పుడు ఎంత నిదానంగా ఉండేవాడో అంత నిదానంగా చేశాడు. భార్య సత్తమ్మ రాట్నం దగ్గర కండెలు చుడుతూ, "పప్పు ఏరుతున్నవా ఏంది" అని నవ్వింది. లక్ష్మీరాజం నవ్వలేదు. అది నవ్వులాట పని కాదని అతనికి గట్టిగా అనిపించింది.

ఆ రాత్రి బోనులో మూడు ఎలుకలు పడ్డాయి. తెల్లారాక వాటిని చంపి, ఒక్కొక్కదాన్నీ మేకుకు వేలాడదీసి, వెనకాల బట్టల సబ్బు బిళ్ల నిలబెట్టి, పది అడుగుల దూరం నుంచి కొట్టాడు. సూది ఛర్రా ఎలుకలోంచి దూరి సబ్బులో వేలెడు లోతు దిగింది. గుండు ఛర్రా సగం దూరి పక్కటెముక మీద జారి ఎటో పోయింది, మళ్లీ దొరకలేదు. మొండి ఛర్రా ఎలుకను తాకింది, అక్కడే ఆగిపోయింది. సబ్బు మీద గీత కూడా పడలేదు.

"మొండిదే మంచిది దొరా" అని చెప్పాడు ఆఫీసులో. "ఎలుక ఎన్కాల నూలుంటది. సూదిది కొడ్తే ఎలుకను దాటి నూలుల దిగుతది. మొండిది ఎలుకలనే ఉంటది. నూలుకు ఏం గాదు."

సీతారాంరావు కుర్చీలో వెనక్కి వాలి రాజయ్యను చూశాడు. "విన్నవా రాజయ్యా. నేను సూదిది మంచిదనుకున్న. పనోని బుర్ర పనోనిదే."

లక్ష్మీరాజం మొహం వేడెక్కింది. ఆ రోజంతా ఆ మాట అతని చెవుల్లోనే తిరిగింది. తగిలితే ఏమవుతుందో అన్నీ చూశాడు. తప్పితే ఏమవుతుందో మాత్రం చూడలేదు. దొర ముందు నిశానా ఉన్న మనిషి తప్పడం సంగతి ఎందుకు ఆలోచిస్తాడు?

ఒప్పందం తేలికైనది. రోజూ పది ఛర్రాలు లెక్కపెట్టి ఇస్తారు. సాయంత్రానికి పది తోకలు లెక్కపెట్టి అప్పజెప్పాలి. ఛర్రాకొక తోక. రాజయ్య రిజిస్టరులో దానికి కొత్త పేజీ తెరిచి, సీతారాంరావు చేత రోజూ సంతకం పెట్టించేవాడు.

ఎలుకలు పగలే వచ్చేవి. మధ్యాహ్నం ఆఫీసు మూసి రాజయ్య బువ్వకు పోయాక గోదాంలో మనుషుల అలికిడి ఆగిపోతుంది. అప్పుడు లక్ష్మీరాజం తలుపు దగ్గరగా వేసి, ఖాళీ పెట్టె మీద పట్టేసిన కాలు చాచుకుని కూర్చునేవాడు. పెంకు పోయిన చోట నుంచి పడే వెలుతురు ఒక్కటే. తుపాకీ నడుము విరిచి, ఛర్రాను గొట్టంలో బొటనవేలితో నొక్కి, మళ్లీ మూసి, ఊపిరి బిగపట్టి ఉండేవాడు. నూలు కట్టలు నీలం కాగితాల్లో చుట్టి, మనిషంత ఎత్తున గోడ పొడుగునా పేర్చి ఉండేవి. వాటి అంచు మీద మొదట మీసాలు కనపడేవి, తరవాత ముక్కు. మీసాలకు కొట్టకూడదు. ముక్కుకూ కొట్టకూడదు. చెవి కనపడాలి.

మొదటి రోజు తొమ్మిది తగిలాయి. ఒకటి గోడ సున్నంలో దిగింది. తొమ్మిది తోకలు పట్టుకుని నిలబడితే సీతారాంరావు మొహం ఎట్లా ఉంటుందో లక్ష్మీరాజం ఊహించుకున్నాడు, ఊహించుకుని ఇంటికి పోయి బోనులో పడ్డ ఎలుక తోక కోసి తెచ్చి కలిపాడు. రెండోనాడూ ఒక తోక అట్లాగే వచ్చింది. "పదికి పది" అని సీతారాంరావు తహసీలాఫీసు నుంచి వచ్చినవాళ్లకు చెప్పుకున్నాడు. "మా రాజం నిశానా తప్పదు."

మూడోనాడు తప్పింది.

పై వరసలో మూడో కట్ట మీద పెద్ద ఎలుక, చెవి స్పష్టంగా కనిపించింది. మీట నొక్కే క్షణంలో అది కిందికి దూకేసింది. ఎలుకకు తగిలితే తడి గుడ్డ నేల మీద పడ్డట్టు చప్పుడవుతుంది, గోడకు తగిలితే టక్కుమంటుంది. ఈసారి ఏ చప్పుడూ రాలేదు. నూలు చప్పుడు చెయ్యదు.

లక్ష్మీరాజం పెట్టె మీద ఎక్కి చూశాడు. నీలం కాగితానికి గుండ్రటి తూటు పడింది, బస్సు కండక్టరు టికెట్టుకు కొట్టినట్టు నీటుగా. చిటికెన వేలు పెట్టి చూశాడు. లోపల మెత్తగా తగిలింది. ఎంత లోతు పోయిందో తెలియలేదు. కట్ట విప్పితే కాగితం చిరుగుతుంది, చిరిగిన కాగితానికి జవాబు చెప్పాలి. కాసేపు దాన్ని రెండు చేతులతో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. తరవాత తూటు గోడవైపు వచ్చేట్టు కట్టను తిప్పి పెట్టాడు. ఆ సాయంత్రం కూడా పది తోకలే అప్పజెప్పాడు.

*

గురువారం నూలు పంచే రోజు. నేతగాళ్లు గుడ్డలు పరుచుకుని గోదాం ముందు వరసలో కూర్చున్నారు. లక్ష్మీరాజం తలుపు పక్కన తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు, పని లేకపోయినా నిలబడమన్నారు, చూడ్డానికి బాగుంటుందని. రాజయ్య ఒక్కొక్క కట్టను దించి, కాగితం చింపి పారేసి, లోపలి నూలు చుట్టలను, చిలపలను, తూకం వేసి ఇస్తున్నాడు.

పై వరసలో మూడో కట్ట శంకరవ్వ వంతుకు వచ్చింది.

శంకరవ్వ లక్ష్మీరాజం వాడలోనే ఉంటుంది. మొగుడు భీవండిలో కరెంటు మగ్గాల, సాంచాల మీదికి పోయి రెండేళ్లయింది, మొదట్లో ఉత్తరాలు వచ్చేవి, ఇప్పుడు అవీ లేవు. ఆడవాళ్లు కండెలు చుట్టడం, గంజి పెట్టడం ఉంది గాని మగ్గం గుంటలో దిగి నెయ్యడం ఆ వాడలో ఎవరూ ఎరగరు. శంకరవ్వ దిగింది. నవ్వినవాళ్లు ఆరు నెలలు నవ్వారు, ఆమె తువ్వాళ్ల అంచు చూశాక మానేశారు. మగ్గం సంఘానిది. దాని మీదే ఆమె, ఆమె అత్త బతుకుతున్నారు.

రాజయ్య కాగితం చింపాడు. తూటు ఉన్న ముక్క రెండుగా చీలి కింద పడింది, ఎవరూ చూడలేదు. చిలపలు ఆమె గుడ్డలో పడ్డాయి. లక్ష్మీరాజం తుపాకీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఏం రాజమన్నా, తుపాకి వట్టినంక పలుకుతనే లేవు" అంది శంకరవ్వ మూట నెత్తిన పెట్టుకుంటూ. "జర మమ్ముల గూడ సూడు."

అందరూ నవ్వారు. లక్ష్మీరాజం కూడా నవ్వాడు. కంచే చేను మేసిందంటారే, ఆ మేసిన కంచె కూడా అట్లాగే నిటారుగా నిలబడి ఉంటుంది.

శనివారం పొద్దున ఆమె తిరిగి వచ్చింది. ఒడిలో నూలు కుప్పగా ఉంది. ఆఫీసులో సీతారాంరావు ఉన్నాడు, ఛర్రాలు తీసుకోవడానికి లక్ష్మీరాజం అక్కడే ఉన్నాడు.

"దొరా, గీ చిలప సగం దాంక తెగి ఉన్నది. సుట్టుదామని పెడ్తే ప్రతి సుట్టుకు తెగుతున్నది. నిన్న పొద్దుందాక అతికిన. నూట పది అతుకులు పెట్టిన, ఇంక ఒడుస్తలేదు. ఎలుకలు కొరికినట్టున్నయ్. మార్చియ్యుండ్రి."

సీతారాంరావు ఒడిలోంచి కొన్ని పోగులు తీసి కిటికీ దగ్గర వెలుతుర్లో పట్టుకున్నాడు. ఒకసారి చూసి, మళ్లీ చూశాడు. ముక్కలన్నీ చిలప ఒక చుట్టంత, గజమున్నర చొప్పున ఉన్నాయి. కొసలన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి.

"ఎలుక గింత సక్కగ కొరుకుతదా? కొలిచి కోసినట్టున్నది. ఇది కత్తెర."

"కత్తెర ఎందుకు వెడ్త దొరా?"

"పోయినేడు ఒకడు ఇట్లనే చేసిండు. మంచి చిలపలు బజార్ల అమ్ముకున్నడు, పాత నూలు ముక్కలు తెచ్చి ఎలుకలన్నడు. అప్పుడేమన్న? సంఘం నూలు దొంగిలిస్తే సంఘం మగ్గం వాపస్ అన్న. రాజయ్యా, అన్ననా లేదా?"

"అన్నరు దొరా" అన్నాడు రాజయ్య రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే.

శంకరవ్వ ఏడవలేదు. ఒడి రెండు చేతులతో పట్టుకుని, "నేను దొంగను గాను" అంది. ఆ మాట గట్టిగా కూడా అనలేదు.

"నేను అంటలేను. నూలు అంటున్నది." సీతారాంరావు ఇటు తిరిగాడు. "రాజం, ఇటు రా. ఎలుకల సంగతి నీకన్న ఎక్కువ ఎవనికి తెలుసు. ఇది ఎలుక పనేనా?"

లక్ష్మీరాజం ఒక పోగు తీసుకుని కొసను కింది పెదవికి ఆనించుకున్నాడు. నేతగాళ్లు కంటితో కాదు, అట్లా చూస్తారు. ఎలుక కొరికితే కొస పీచు లేచి, తడిసి ఎండి గరుకుగా గుచ్చుకుంటుంది. ఇది గుచ్చుకోలేదు. కత్తెరకు తెగిన కొస నలగదు, ఇది నలిగి చదునుగా ఉంది, సుత్తితో కొట్టినట్టు చదునుగా. పెదవికి తగలగానే అతనికి తెలిసిపోయింది. పెదవి మీద నుంచి వేలు తియ్యడానికి ధైర్యం చాల్లేదు.

ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. అవునంటే అబద్ధం, పైగా దొర ఒప్పుకోడు. కాదంటే శంకరవ్వ పోతుంది. నాదే అంటే రిజిస్టరులో పది తోకలు, పది తోకలు, పది తోకలు.

"ఎలుకది గాదు దొరా" అన్నాడు.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నిజం చెప్పి మనిషి గొంతు కొయ్యవచ్చని లక్ష్మీరాజానికి అంతవరకూ తెలియదు. శంకరవ్వ అతని వైపు చూసింది. కోపంగా చూస్తే బాగుండేదని అతను తరవాత చాలాసార్లు అనుకున్నాడు. ఆమె పొరుగువాడిని చూసినట్టు మామూలుగా చూసింది, నువ్వు అన్నావంటే అంతే కావచ్చు అన్నట్టు. తన కళ్లనే తను అనుమానించుకుంటున్నట్టు మళ్లీ ఒడిలోకి చూసుకుంది.

"సోమారం నాడు మగ్గం విప్పిస్త" అన్నాడు సీతారాంరావు.

*

ఆదివారం గోదాం మూసి ఉంటుంది. ఆ రోజు తుపాకీ ఇంటికి తెచ్చి నూనె పెట్టడం లక్ష్మీరాజం పని. నూనె పెట్టాడు. గొట్టంలో గుడ్డ పెట్టి తుడిచాడు. తుడిచినదాన్నే మళ్లీ తుడిచాడు. తరవాత లేచి, సత్తమ్మ రాట్నం పక్కన ఉన్న చిలప ఒకటి తీసుకున్నాడు.

"అది సంఘం లెక్కల నూలు. ఏం జేస్తవు దాన్ని?"

అతను చిలపను పెరటి గోడ మేకుకు తగిలించాడు. వారం రోజుల కిందట చెయ్యాల్సిన పని ఇప్పుడు చేశాడు. ఆనాడు కొట్టి చూడగా ఇంట్లో మిగిలినవాటిలోంచి సూది ఛర్రా పెట్టి కొట్టాడు. దగ్గరికి పోయి చూస్తే ఎక్కడ తగిలిందో వెతుక్కోవాల్సి వచ్చింది. సూది గుడ్డలో దూరినట్టు పోగులు పక్కకు జరిగి దారి ఇచ్చాయి, రెండో మూడో తెగాయి. మొండి ఛర్రా పెట్టి కొట్టాడు. ఈసారి వెతుక్కోనక్కర్లేదు. గుండ్రంగా తూటు పడింది. ఛర్రా గోడలో దిగి ఉంది, పుల్లతో పెకిలించి తీస్తే దాని చదును తల మీద దూదిబిళ్ల ఒకటి అతుక్కుని ఉంది.

సత్తమ్మ రాట్నం ఆపింది.

చిన్నప్పటి నుంచి నూలులో పుట్టి నూలులో పెరిగిన మనిషి. సూదికి పోగు జరుగుతుంది, కత్తికి తెగుతుంది. ఏడేళ్ల పిల్లకు కూడా ఆ వాడలో ఇది తెలుసు. సబ్బు మీద కొట్టి చూశాడు, ఎలుక మీద కొట్టి చూశాడు. నూలు మీద కొట్టి చూడాలని తోచలేదు. తుపాకీ చేతికి రాగానే తను నేసే సాలోడన్న సంగతే మరిచిపోయాడు.

"శంకరవ్వది..." అంది సత్తమ్మ.

"నాదే."

అంతా చెప్పాడు. తోకల సంగతి, కట్ట తిప్పి పెట్టిన సంగతి, పెదవికి ఆనించుకుని ఏమన్నాడో అది కూడా. సత్తమ్మ లేచి వచ్చింది. చిలపను మేకు మీద నుంచి తీసి, తెగిన కొసలు సవరించింది. అవి సవరించేవి కావు.

"నీ మోకాలుకు మగ్గం ఎక్కలేవు. తుపాకి పోతే నా కండెలు గూడ ఇయ్యరు. చెప్తే మన బువ్వ పోతది. చెప్పకుంటే దాని మగ్గం పోతది." ఆమె చిలపను ఒళ్లో పెట్టుకుంది. "నన్నడుగకు. నేనేం జెప్పినా నా పాపమే అయితది."

పడుకుంటే మోకాలు లాగింది, లేస్తే ఇల్లు చిన్నదైనట్టుంది. వీధిలోకి పోదామంటే శంకరవ్వ ఇంటి ముందు నుంచి పోవాలి. అక్కడ మగ్గం చప్పుడు వినిపిస్తోంది. విప్పేలోపు మగ్గం మీదున్న తువ్వాలు పూర్తి చేద్దామని నేస్తోంది కాబోలు. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. అరవలేకపోవడం ఎంత నొప్పో ఆ సామెత చెప్పినవాళ్లు చెప్పలేదు.

*

సోమవారం ఆఫీసుకు పోవాల్సినవాడు తుపాకీ భుజాన వేసుకుని శంకరవ్వ ఇంటికి పోయాడు.

అప్పటికే ఇద్దరు కూలీలు వసారాలో మగ్గం అచ్చు తాళ్లు విప్పుతున్నారు. సీతారాంరావు వాకిట్లో కుర్చీ వేయించుకున్నాడు. రాజయ్య రిజిస్టరు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. వాడంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది. శంకరవ్వ దర్వాజా పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. తువ్వాలు పూర్తయింది, మడత పెట్టి చంకలో పెట్టుకుంది.

"దొరా, జర ఆగుండ్రి" అన్నాడు లక్ష్మీరాజం. "ఆ నూలు కోసింది శంకరవ్వ గాదు. నా ఛర్రా. బుధారం నాడు తప్పింది, కట్టల దిగింది. నాకు తెల్సు. తూటు కనవడకుండ కట్టను గోడ మొకాన తిప్పిన."

కూలీలు చేతులు ఆపారు. సీతారాంరావు అతణ్ని కాసేపు చూశాడు. కోప్పడలేదు. జాలిపడ్డట్టు నవ్వాడు.

"రాజయ్యా, బుధారం ఎన్ని?"

రాజయ్య పేజీ తిప్పాడు. "ఛర్రాలు పది. తోకలు పది."

"మంగళారం?"

"పది, పది."

"సోమారం?"

"పది, పది దొరా."

"నా దస్కతు ఉన్నదా?"

"ఉన్నది దొరా."

"మరి ఎప్పుడు తప్పింది రాజం? నువ్వు తప్పవు. తహసీలాఫీసుల గూడ చెప్పిన." వాడ వైపు చెయ్యి చూపించాడు. "కులపామె గావట్టి కడుపు కాలింది. మంచిదే. గని కడుపు కాలితే నూలు అతకదు."

"ఆ తోకలు గోదాంవి గావు దొరా. తప్పినయాటికి నా ఇంటి బోనుల పడ్డ ఎలుకలయి కోసి తెచ్చి కలిపిన."

ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత వాకిలంతా నవ్వింది, సీతారాంరావు కూడా నవ్వాడు. "ఇంట్ల ఎలుకల తోకలు!" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "అబద్ధానికి గూడ అందం ఉండాలె రాజం." కూలీలకు సైగ చేశాడు. వాళ్లు మళ్లీ తాళ్ల మీద చేతులు వేశారు.

లక్ష్మీరాజం తన చేతులతో తనే కట్టుకున్న ముడి అది. వారం రోజులు రోజుకొక అబద్ధం చెప్తే అందరూ నమ్మారు, సంతకం కూడా పెట్టారు. ఇవాళ ఒక్క నిజానికి వాకిట్లో చోటు లేదు. అతను వాకిలి నడుమ నిలబడిపోయాడు.

శంకరవ్వ గోడ దగ్గర నుంచి కదిలింది. లోపలికి పోయి ఒక చిలప తెచ్చింది. గురువారం ఇచ్చినవాటిలో చుట్టకుండా మిగిలింది అదొక్కటే. దాన్ని సగానికి మెలి తిప్పి, మగ్గం గుంజకు ఉన్న మేకుకు తగిలించింది. పక్కకు జరిగింది.

"కొట్టన్నా" అంది.

"శంకరవ్వా, అది మంచి నూలు."

"కొట్టు."

తుపాకీ నడుము విరిచాడు. జేబులో మొండి ఛర్రాలు రెండు ఉన్నాయి. ఒకటి అంచు చూసి పెట్టాడు. పది అడుగుల దూరం, వెలుతురు బాగుంది, గులేరు పట్టిన పిల్లవాడు కూడా తప్పడు. మీట నొక్కాడు. తగిలిన చప్పుడు రాలేదు. చిలప కొంచెం ఊగి ఆగిపోయింది.

ముందుగా వాడ పెద్ద ముత్తయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. చిలపలో వేలు పెట్టి, తెగిన పోగు ఒకటి లాగి, కొసను పెదవికి ఆనించుకున్నాడు. శంకరవ్వ ఇంట్లోంచి పాత ముక్కలు తెచ్చి చేతికిచ్చింది. దాన్నీ ఆనించుకున్నాడు, రెండు కొసలూ ఒక్క తీరుగానే తగిలాయి. రెండింటినీ పక్కవాడికి ఇచ్చాడు. అతను ఇంకొకరికి ఇచ్చాడు. ఆడవాళ్లూ వచ్చారు. వాకిట్లో ఒక్క మాట లేదు, పెదవి మీద పోగు పెట్టుకున్న మనిషి మాట్లాడలేడు. రాజయ్య కూడా సాలోడే. రిజిస్టరు చంకలో పెట్టుకుని అతనూ ఒక పోగు తీసుకున్నాడు. చూసి, దించుకున్న తల మళ్లీ ఎత్తలేదు.

చివరికి పోగులు సీతారాంరావు దగ్గరికి వచ్చాయి. ఆయన వాటిని చేతిలో పట్టుకున్నాడు. పెదవికి ఎందుకు ఆనిస్తున్నారో ఆయనకు తెలియదు, అడగనూ లేదు. నలభై మంది తన మొహం చూస్తున్నారు, నవ్వు ఎవరి మొహాల్లోనూ లేదు. పోగులు కుర్చీ చేతి మీద వదిలేసి లేచాడు.

"తాళ్లు కట్టుండ్రి" అన్నాడు కూలీలతో.

లక్ష్మీరాజం దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. తుపాకీ ఇచ్చేశాడు. జేబులో మిగిలిన ఛర్రా కూడా తీసి ఇచ్చాడు. సీతారాంరావు దాన్ని అరచేతిలో తిప్పి చూసి, "ఇది మంచిదని చెప్పింది నువ్వే" అన్నాడు. ఆ మాట అందరికీ వినపడేట్టు అని వెళ్లిపోయాడు. శంకరవ్వ దొంగ కాదన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. పాడైన చిలపలు మార్చి ఇస్తామనీ అనలేదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు, మగ్గం నిలబడడమే గొప్పగా ఉంది ఆ వాకిట్లో.

*

సాయంత్రం సత్తమ్మ ముందు బయలుదేరింది. ఎక్కడికని లక్ష్మీరాజం అడగలేదు, కుంటుకుంటూ వెనక నడిచాడు. ఆమె కండెల బుట్ట అప్పటికే ఆఫీసు వాళ్లు వచ్చి పట్టుకుపోయారు.

శంకరవ్వ చాప మీద రెండు చిలపలు పెట్టుకుని కూర్చుని ఉంది, పాతదీ కొత్తదీ. వీళ్లను చూసి జరిగి చోటిచ్చింది. పొయ్యిలోంచి తీసిన బూడిద చిప్పలో ఉంది. ముగ్గురూ వేళ్లకు బూడిద అద్దుకుని, కొసకు కొస చేర్చి మెలి పెట్టడం మొదలుపెట్టారు. తుపాకీ పట్టిన వారం రోజులకే లక్ష్మీరాజం బొటనవేలు మొద్దుబారింది. మొదటి నాలుగు అతుకులూ లాగితే ఊడిపోయాయి. అయిదోది నిలిచింది.

బయట వెలుతురు తగ్గుతోంది. శంకరవ్వ అతుకు పెడుతూనే, తల ఎత్తకుండా అంది.

"శనారం నాడు ఎలుకది గాదన్నవు."

"అన్న చెల్లె."

"నిజమే అన్నవు." ఇంకొక కొస తీసుకుంది. "గా ఇంకొక్క మాట అప్పుడే అంటే, ఒక్క చిలపే ఖరాబయ్యేది గదన్నా."

సత్తమ్మ బూడిద చిప్పను అతని వైపు జరిపింది. అతను వేళ్లు అద్దుకుని ఒళ్లో ఉన్న కుప్పలోంచి ఒక కొస పట్టుకున్నాడు. దానికి జంట కొస ఏదో చీకటి పడేదాకా దొరకలేదు.